పిల్లల టూ-స్ట్రోక్ డర్ట్ బైకు: ఎర్రమట్టి నేలలో సంరక్షణ, ట్యూనింగ్

అనంతపురం చుట్టుపక్కల పల్లెల్లో చెనిక్కాయ పీకిన తర్వాత, మళ్ళీ తొలకరి పడేదాకా, మెట్ట చేలు చాలావరకు ఖాళీగానే పడి ఉంటాయి. ఏడెనిమిదేళ్ళ పిల్లవాడికి చిన్న డర్ట్ బైకు నేర్పాలనుకునే తండ్రికి సొంత చేనును మించిన చోటు లేదు. రోడ్డు మీదికి ఆ బండిని ఎలాగూ తీసుకుపోకూడదు. దానికి రిజిస్ట్రేషన్ ఉండదు, పైగా రోడ్డు మీద మైనరు చేతికి బండి ఇచ్చిన పెద్దలకు మోటారు వాహనాల చట్టం కింద 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ళ దాకా జైలు ఉన్నాయి. చేనులో ఆ బెడద లేదు. అయితే పిల్లవాడు కిందపడితే మెత్తగా ఆదుకునే ఆ ఎర్రమట్టే, లోపలికి పోయిందంటే, ఇంజనును గరుకు కాగితంలా అరగదీస్తుంది.

మా ఇంట్లో ఉన్నది 49 సీసీ బండి. తాడు లాగి స్టార్ట్ చేయాలి, గేర్లు లేవు, గాలికే చల్లబడే ఇంజను. మన దగ్గర పిల్లల కోసం అమ్మే చిన్న బండ్లలో చాలావరకు ఈ తరహావే కాబట్టి ఇక్కడ రాసేదంతా వాటి గురించే. అనుభవం మీద నాకు స్థిరపడిన అభిప్రాయం ఒకటుంది: బండి సరిగ్గా నడవడం లేదనిపించగానే మన చేయి కార్బొరేటర్ (గాలిని, పెట్రోలును కలిపి ఇంజనుకు పంపే భాగం) స్క్రూ మీదికి పోకూడదు. ముందు ఎయిర్ ఫిల్టరు చూడాలి, తర్వాత పెట్రోలులో ఆయిల్ పాళ్ళు, తర్వాత ప్లగ్గు, ఎక్కడైనా గాలి లీకవుతోందేమో ఆ తర్వాత, అన్నీ సరిగా ఉన్నాయని తేలాకే కార్బొరేటర్. ఫిల్టరు పూడుకుపోయిన బండికి స్క్రూ తిప్పి సర్దితే, ఫిల్టరు కడిగిన రోజున ఆ సర్దుబాటే ఇంజనుకు ఎసరు పెడుతుంది.

టూ-స్ట్రోక్ ఇంజనులో విడిగా ఆయిల్ సంపు, అంటే అడుగున ఆయిల్ నిలవ ఉండే తొట్టి, ఉండదు. ఆయిల్ కలిసిన పెట్రోలు, గాలి రెండూ ముందుగా పిస్టన్ కింద ఉండే క్రాంకు గదిలోకి పోయి, అక్కడి బేరింగులను తడిపి, ఆ తర్వాత పిస్టన్ పైకి చేరి కాలిపోతాయి. ఈ ఒక్క సంగతి మనసులో ఉంచుకుంటే మిగతా పనులన్నింటికీ కారణం తెలిసిపోతుంది. ఫిల్టరును దాటిన దుమ్ము మొదట బేరింగుల్లోకే పోతుంది. పెట్రోలు తగ్గితే మంట వేడెక్కడమే కాదు, దానితోపాటు రావలసిన ఆయిల్ కూడా తగ్గిపోతుంది.

ఎయిర్ ఫిల్టరు

ఈ బండ్లలో ఉండేది స్పాంజి ఫిల్టరు. దానికి ఆయిల్ పట్టించకపోతే అది ఫిల్టరే కాదు, ఉత్త స్పాంజి ముక్క. సన్నని మట్టి దాని రంధ్రాల గుండా నేరుగా దూరిపోతుంది. మన నేలలో, ముఖ్యంగా ఆషాఢ గాలులు మొదలైన తర్వాత, బండి నడిపిన ప్రతి రోజూ సాయంత్రం ఫిల్టరు తీసి చూడాలి. నెలకొకసారి కడిగితే సరిపోతుందని ఎక్కడైనా రాసి ఉంటే అది పచ్చిక మైదానాలకు సరిపోయే మాట.

ఫిల్టరు తీసే ముందు దాని చుట్టూ పేరుకున్న మట్టిని బ్రష్షుతో దులిపేయాలి, లేకుంటే తీసేటప్పుడే ఆ మట్టి కార్బొరేటర్ నోట్లో పడుతుంది. తీసిన వెంటనే ఆ నోటికి శుభ్రమైన గుడ్డ అడ్డం పెట్టాలి. స్పాంజిని ముందు కిరోసిన్‌లో పిసికి పాత ఆయిల్ వదిలించి, తర్వాత గిన్నెలు తోమే సబ్బు నీళ్ళతో రెండు మూడు సార్లు కడగాలి. పిండేటప్పుడు బట్టను మెలిపెట్టినట్టు మెలిపెట్టకూడదు. అరచేతుల మధ్య అదిమితే చాలు, మెలిపెడితే అతుకులు ఊడతాయి. పెట్రోలుతో కడిగితే అతికించిన జిగురు కరుగుతుంది, పైగా అది ప్రమాదం. నీడలో పూర్తిగా ఆరిన తర్వాత ఫిల్టరు ఆయిల్ గానీ, అది దొరకనప్పుడు కాస్త చిక్కని ఇంజను ఆయిల్ గానీ పోసి, రంగు అంతటా ఒకేలా వచ్చేదాకా పిసికి, మిగిలినదాన్ని అదిమి తీసేయాలి. పట్టుకుంటే జిడ్డుగా ఉండాలి, కానీ బొట్లు కారకూడదు. అంచు పెట్టెకు ఆనే చోట పలుచగా గ్రీజు రాస్తే పక్క సందుల్లోంచి దుమ్ము దూరదు.

ఫిల్టరు పని చేస్తోందో లేదో తేల్చుకోవడానికి ఒక తేలికైన పద్ధతి ఉంది. ఫిల్టరు తీసి, కార్బొరేటర్ నోటి లోపలి గోడను శుభ్రమైన తెల్లగుడ్డ చుట్టిన వేలితో తుడవాలి. గుడ్డ మీద ఎర్రటి చార కనిపించిందంటే దుమ్ము ఎక్కడో దూరుతున్నట్టే. అది తేలేదాకా బండి స్టార్ట్ చేయకూడదు. మా బండికి మొదటి నెలలోనే ఆ చార కనిపించింది. స్పాంజి బాగానే ఉంది, పెట్టె మూతకున్న ఒక స్క్రూ అదురుకు ఊడిపోయి ఆ మూల వెంట్రుక మందం సందు ఏర్పడింది. అంత చిన్న సందు చాలు.

పెట్రోలు, ఆయిల్

పాళ్ళ విషయంలో బండితో వచ్చిన పుస్తకం ఏం చెబితే అదే ఆచరించాలి. ఈ చిన్న చైనా ఇంజన్లకు సాధారణంగా 25:1 అని ఉంటుంది, అంటే లీటరు పెట్రోలుకు 40 మిల్లీలీటర్ల 2టీ (టూ-స్ట్రోక్) ఆయిల్. 40:1 అయితే 25 మిల్లీలీటర్లు, 50:1 అయితే 20. యమహా పీడబ్ల్యూ50 వంటి బండిలో ఆయిల్‌కు విడిగా ట్యాంకు ఉండి పంపు దానంతట అదే కలుపుతుంది కాబట్టి అక్కడ మనం కలపవలసిన పని లేదు, ఆ ట్యాంకు ఎప్పుడూ ఖాళీ కాకుండా చూసుకుంటే చాలు. కొలతకు మూత లెక్కలు పనికిరావు. మెడికల్ షాపులో దొరికే 20 మిల్లీలీటర్ల సిరంజి ఒకటి కొనిపెట్టుకుంటే తప్పు జరగదు. ఆయిల్ డబ్బా మీద జపాన్ ప్రమాణమైన జాసో ఎఫ్‌సీ గానీ ఎఫ్‌డీ గానీ రాసి ఉన్నదాన్నే ఎంచుకోవాలి. ఇవి పొగ, మసి తక్కువగా వచ్చే రకాలు. కారుకు, ఫోర్-స్ట్రోక్ బైకుకు పోసే ఇంజను ఆయిల్ ఇందులో కలపకూడదు, ఎందుకంటే అది శుభ్రంగా కాలిపోవడానికి తయారైన ఆయిల్ కాదు.

ఆయిల్ ఎంత ఎక్కువ పోస్తే ఇంజనుకు అంత మంచిదని చాలామంది అనుకుంటారు. నేనూ మొదట్లో అలాగే అనుకున్నాను. కానీ కార్బొరేటర్‌లో పెట్రోలును కొలిచి వదిలే సన్నని రంధ్రం, అంటే జెట్టు, గుండా పోయే ద్రవంలో ఆయిల్ వాటా పెరిగిందంటే పెట్రోలు వాటా తగ్గినట్టే. మంటకు అందే పెట్రోలు తగ్గి ఇంజను మరింత వేడెక్కుతుంది, ప్లగ్గు మసి పట్టి ఆగిపోతుంది, సైలెన్సర్ పూడుకుపోతుంది. ఒక పాలు ఎంచుకున్నాక దానికి కట్టుబడి ఉండాలి, ఎందుకంటే పాలు మార్చిన ప్రతిసారీ కార్బొరేటర్ సర్దుబాటు కూడా మారినట్టే.

ఇప్పుడు బంకుల్లో దొరికే మామూలు పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. వానాకాలంలో మూత సరిగా లేని డబ్బాలో నెలల తరబడి నిలవ ఉంచితే, నీళ్ళు కలిసిన ఇథనాల్ విడిపోయి అడుగుకు చేరుతుంది, ఆ అడుగు పొరలో ఆయిల్ సరిగా కలవదు. అందుకే ఆ వారానికి సరిపడా ఒకటి రెండు లీటర్లే కలుపుకొని, ట్యాంకులో పోసే ముందు ప్రతిసారీ డబ్బాను గట్టిగా కుదిపి పోయాలి.

ప్లగ్గు చెప్పే మాట

ప్లగ్గు సందు 0.6 నుంచి 0.7 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. బిగించేటప్పుడు ముందు చేత్తో చివరిదాకా తిప్పి, ఆ తర్వాతే పానా పట్టుకోవాలి. అల్యూమినియం హెడ్డులో మర ఒకసారి చెడిందంటే ఆ ఖర్చు ప్లగ్గు ధరతో పోయేది కాదు. నడిపి ఆపిన ప్లగ్గులో నడిమి పింగాణీ రంగు చూడాలి. ఎండిన చెనిక్కాయ పొట్టులాగా లేత గోధుమ రంగులో ఉంటే మిశ్రమం సరిగా ఉన్నట్టు. నల్లగా, తడిగా ఉంటే పెట్రోలో ఆయిలో ఎక్కువవుతోంది. సున్నం కొట్టినట్టు తెల్లగా ఉండి, మీద చిన్న చిన్న మెరుపు చుక్కలు కనిపిస్తే పెట్రోలు చాలడం లేదు. ఆ చుక్కలు పిస్టన్ లోహం కరిగి అంటుకున్నవి కావచ్చు కాబట్టి, బండిని ఇంకొక్క చుట్టు కూడా తిప్పనివ్వకూడదు.

ప్లగ్గు మార్చేటప్పుడు అంకె చూసుకోవడం అవసరం. ఎన్‌జీకే ప్లగ్గుల మీద అంకె పెరిగే కొద్దీ అది వేడిని త్వరగా వదిలేసే చల్లని రకం, బాష్ ప్లగ్గుల్లో దానికి తలకిందులు. షాపులో ఒకదానికి బదులు ఇంకొకటి ఇస్తే, మర సరిపోయింది కదా అని తీసేసుకోకుండా, దాని సమానమైన అంకె ఏదో కనుక్కొని తీసుకోవాలి.

కార్బొరేటర్ జోలికి పోయే ముందు గాలి లీకులు వెతకాలి. కార్బొరేటర్‌కు, ఇంజనుకు మధ్య ఉన్న రబ్బరు గొట్టం ఎండకు పగులుతుంది, దాని బోల్టులు అదురుకు వదులవుతాయి. బండి నిదానంగా ఆడుతున్నప్పుడు ఆ అతుకుల మీద కొద్దిగా నీళ్ళు చిలకరిస్తే, లీకున్న చోట ఇంజను చప్పుడు వెంటనే మారుతుంది. యాక్సిలరేటర్ వదిలినా ఇంజను వేగం వెంటనే దిగకుండా కాసేపు పైనే వేలాడుతుంటే అది కూడా లీకుకే గుర్తు. ట్యాంకు మూతలో ఉండే సన్నని గాలి రంధ్రాన్ని కూడా మరవకూడదు. అది మట్టితో మూసుకుపోతే, బండి పది నిమిషాలు బాగా నడిచి, పెట్రోలు దిగక ఆగిపోతుంది; మూత తీయగానే మళ్ళీ నడుస్తుంది.

కార్బొరేటర్ ట్యూనింగ్

మే నెలలో ఒక మధ్యాహ్నం మా బండి బాగా పొగ పెడుతోందని, తడబడుతోందని, కార్బొరేటర్‌లో పెట్రోలును అదుపు చేసే సూది మీదున్న క్లిప్పును, పెట్రోలు తగ్గేటట్టు, ఒక గాడి పైకి మార్చాను. పొగ తగ్గింది, పిక్‌అప్ వచ్చింది, నా పనితనానికి నేనే సంతోషించాను. అదే సర్దుబాటుతో డిసెంబరులో ఒక తెల్లవారుజామున మా అబ్బాయి చేనులో రెండు చుట్లు నిండు యాక్సిలరేటర్‌తో తిప్పాడు. మూడో చుట్టులో ఇంజను గొంతు సన్నబడి, ఒక్కసారిగా ఇంజను కిర్రుమని బిగుసుకుంది. అదృష్టవశాత్తు వాడు మెత్తని దుక్కిలో పడ్డాడు, దెబ్బ తగలలేదు. సిలిండర్ తీయించి చూస్తే పిస్టన్‌కు సైలెన్సర్ వైపున నిలువుగా, గోళ్ళతో గీరినట్టు చారలు పడి ఉన్నాయి; రింగు దాని గాడిలోనే అతుక్కుపోయింది.

అనంతపురం పాతూరులో ఒకప్పుడు లూనాలు, టీవీఎస్ 50లు బాగుచేసి చేయి తిరిగిన పెద్ద మెకానిక్ ఆ పిస్టన్‌ను వేళ్ళ మధ్య తిప్పి చూసి, "ఎండాకాలం చేసిన సెట్టింగు చలికాలం పనికిరాదు నాయనా. గాలి చల్లబడితే చిక్కబడుతుంది, దానికి తగినట్టు పెట్రోలు కూడా ఎక్కువ ఇయ్యల్ల" అన్నారు. అది అక్షరాలా నిజం. మే మధ్యాహ్నం 40 డిగ్రీల గాలితో పోలిస్తే డిసెంబరు ఉదయం 17 డిగ్రీల గాలి సుమారు 8 శాతం చిక్కగా ఉంటుంది. జెట్టు మారదు కాబట్టి పెట్రోలు అంతే వస్తుంది, గాలి మాత్రం ఎక్కువ పోతుంది. ఎండాకాలం పొగను చూసి పెట్రోలు తగ్గించినవారు చలికాలం రాకముందే దాన్ని తిరిగి పెంచి తీరాలి. ఇందులో నా తప్పు ఇంకొకటి కూడా ఉంది: ఆ ఉదయం ఇంజనును వేడెక్కనివ్వకుండానే వాణ్ణి పరుగెత్తనిచ్చాను. చల్లటి సిలిండర్ కంటే పిస్టన్ త్వరగా వేడెక్కి ఉబ్బుతుంది, అందుకే రెండు మూడు నిమిషాలు నిదానంగా ఆడించి, ఇంజను మీద గాలికి చల్లబరిచే రెక్కలు చేతికి బాగా వెచ్చగా తగిలిన తర్వాతే బండి కదిలించాలి.

ట్యూనింగ్‌కు ముందు కార్బొరేటర్ విప్పి, అడుగున పెట్రోలు నిలిచే ఫ్లోట్ గిన్నెలో మడ్డి తుడిచి, జెట్టులను కార్బొరేటర్ క్లీనర్‌తో, గాలితో శుభ్రం చేయాలి. జెట్టు రంధ్రంలో సూదులు, తీగలు దూర్చకూడదు; రంధ్రం వెంట్రుకంత పెద్దదైనా దాని మీది అంకెకు అర్థం ఉండదు. ఆ తర్వాత ఏ భాగం ఎప్పుడు పని చేస్తుందో తెలుసుకుంటే తికమక ఉండదు. యాక్సిలరేటర్ మూసి ఉన్నప్పుడు, కొద్దిగా తెరిచినప్పుడు ఐడ్లింగ్ స్క్రూ (బండి నిలిచి నిదానంగా ఆడేటప్పటి వేగాన్ని నిలిపేది), ఎయిర్ స్క్రూ, చిన్న జెట్టు పని చేస్తాయి. పావు నుంచి ముప్పావు దాకా సూది ఎత్తు ముఖ్యం. ముప్పావు దాటి నిండుగా తెరిస్తే పెద్ద జెట్టు. ఎక్కడ తడబడుతోందో గమనించి ఆ భాగాన్నే ముట్టుకోవాలి, ఒకసారికి ఒక్క మార్పే చేయాలి, ఎన్ని చుట్లు తిప్పామో, క్లిప్పు ఏ గాడిలో ఉందో, ఆ రోజు ఎండ ఎలా ఉందో నోటు పుస్తకంలో రాసుకోవాలి.

సూది మీద క్లిప్పును కింది గాడికి మారిస్తే సూది పైకి లేచి పెట్రోలు పెరుగుతుంది, పై గాడికి మారిస్తే తగ్గుతుంది. పెద్ద జెట్టు మీద అంకె పెరిగితే పెట్రోలు పెరుగుతుంది. ఎయిర్ స్క్రూ ఉన్న బండి అయితే దాన్ని సుతారంగా ఆనేదాకా బిగించి, ఒకటిన్నర చుట్లు వదులు చేసి మొదలుపెట్టాలి. ఇది ఫిల్టరు వైపు ఉంటే గాలిని అదుపు చేసే స్క్రూ, లోపలికి తిప్పితే మిశ్రమంలో పెట్రోలు వాటా పెరుగుతుంది. ఇంజను వైపు ఉంటే పెట్రోలును అదుపు చేసే స్క్రూ, దాని లెక్క తలకిందులు. చాలా చిన్న బండ్లలో ఈ స్క్రూయే ఉండదు, వేగాన్ని నిలిపే స్క్రూ ఒక్కటే ఉంటుంది, అటువంటప్పుడు సూదితోనే సర్దుకోవాలి.

ఎప్పుడూ పెట్రోలు కాస్త ఎక్కువగా ఉన్న చోటు నుంచి మొదలుపెట్టి కొంచెం కొంచెం తగ్గించుకుంటూ రావాలి. పెట్రోలు ఎక్కువైతే బండి గులగులమంటూ తడబడుతుంది, పొగ పెడుతుంది, ప్లగ్గు తడుస్తుంది. ఈ నష్టాలన్నీ సరిచేసుకోగలిగినవే. తక్కువైతే మొదట బండి చురుకుగా ఉన్నట్టే అనిపిస్తుంది, యాక్సిలరేటర్ ఒక్కసారిగా తెరిచినప్పుడు మాత్రం గొంతు పట్టేసినట్టు ఆగి లేస్తుంది, తర్వాత పిస్టన్ పోతుంది. తుది పరీక్షకు చక్రం గాలిలోకి లేపి రేసు ఇవ్వడం పనికిరాదు, బరువు లేని ఇంజను నిజం చెప్పదు. వేడెక్కిన బండితో పిల్లవాణ్ణి చేనులో ఒక తిన్నని బారు నిండు యాక్సిలరేటర్‌తో పోనిచ్చి, చివర స్విచ్చితో ఇంజను ఆపమని ముందే చెప్పి, అక్కడే ప్లగ్గు తీసి రంగు చూడాలి. సరిగ్గా కుదిరిన చోటు కంటే ఒక్క పిసరు పెట్రోలు ఎక్కువగానే వదిలేయమని నా సలహా. పిల్లవాడికి పోటీ లేదు, ఇంజను మాత్రం చాలా కాలం ఉండాలి.

పిల్లవాడి ప్రాణానికి సంబంధించినవి

ఐడ్లింగ్ సర్దుబాటును ఇంజను కోసమే అనుకోకూడదు. ఈ బండ్లలో క్లచ్చి లీవరు ఉండదు. వేగం పెరిగితే క్లచ్చి షూలు విచ్చుకొని దానంతట అదే పట్టుకుంటుంది. ఐడ్లింగ్ ఎక్కువగా పెడితే తాడు లాగిన క్షణంలోనే బండి ముందుకు దూకుతుంది. వెనక చక్రాన్ని నేల నుంచి లేపి స్టార్ట్ చేసి, వేడెక్కిన తర్వాత చక్రం పూర్తిగా నిలిచి ఉండేటట్టు స్క్రూ తగ్గించాలి. వేగం తగ్గించినా చక్రం తిరుగుతూనే ఉంటే క్లచ్చి స్ప్రింగులు సాగిపోయాయేమో చూడాలి.

యాక్సిలరేటర్ తీగలో రెండు మూడు మిల్లీమీటర్ల వదులు ఉండాలి. హ్యాండిల్‌ను ఎడమకు చివరిదాకా, కుడికి చివరిదాకా తిప్పి, రెండు చోట్లా యాక్సిలరేటర్ వదిలిన వెంటనే టక్కున వెనక్కి కొట్టుకుంటోందా అని చూడాలి. హ్యాండిల్ తిప్పినప్పుడు ఇంజను వేగం పెరిగితే తీగ ఎక్కడో బిగుసుకుంటోంది. మట్టి చేరి యాక్సిలరేటర్ జిడ్డుగా తిరుగుతుంటే ఆ రోజు బండి తీయకూడదు. కొత్తగా నేర్చుకునేవాడికి యాక్సిలరేటర్ దగ్గరుండే వేగ పరిమితి స్క్రూను లోపలికి తిప్పి, సగానికి మించి తెరుచుకోకుండా ఉంచాలి. ముంజేతికి కట్టుకునే తాడు ఉన్న ఆపుడు స్విచ్చి పని చేస్తోందో లేదో ప్రతిరోజూ లాగి చూడాలి. బ్రేకు లీవరు పిల్లవాడి వేళ్ళకు అందుతోందా అన్నది మన చేతితో కాదు, వాడి చేతితోనే పరీక్షించాలి.

చైను, బోల్టులు, టైర్ల గురించి చెప్పడానికి పెద్దగా లేదు. పిల్లవాడు కూర్చున్నప్పుడు చైను మధ్యలో ఒక వేలు మందం ఆడాలి, రెండు స్ప్రాకెట్లు ఒకే వరుసలో ఉండాలి, అదురుకు వదులయ్యే బోల్టులను వారానికొకసారి పానాతో తడిమి చూడాలి. సర్కారు తుమ్మ ముళ్ళున్న చేనులో పంక్చరు సామాను దగ్గర ఉండాలి. ఇంజను రెక్కల మధ్య ఎండిన మట్టిని చీపురు పుల్లతో తీసేయాలి, గాలి తగలని రెక్కలు ఉన్నా లేనట్టే.

బండిలో పిక్‌అప్ నెమ్మదిగా తగ్గుతూ, ప్లగ్గు, ఫిల్టరు బాగానే ఉంటే సైలెన్సర్ విప్పి చూడాలి. సిలిండర్ నుంచి పొగ బయటికొచ్చే రంధ్రం చుట్టూ మసి గట్టిపడి దారి ఇరుకవుతుంది. పిస్టన్ ఆ రంధ్రాన్ని మూసేటట్టు తిప్పి ఉంచి, కొయ్యపుల్లతో గీకి, మసి లోపలికి పడకుండా ఊదేయాలి. ఇనుప స్క్రూడ్రైవర్ వాడితే పిస్టన్ మీద గాట్లు పడతాయి.

పరీక్షలు వచ్చి రెండు మూడు నెలలు బండి పక్కన పెట్టవలసి వస్తే, పెట్రోలు కుళాయి కట్టి ఇంజను దానంతట అది ఆగేదాకా ఆడించి, ఫ్లోట్ గిన్నె కింది స్క్రూ విప్పి మిగిలిన చుక్కలు కార్చేయాలి. ప్లగ్గు తీసి ఆ రంధ్రంలో అర చెంచా 2టీ ఆయిల్ పోసి, తాడును నెమ్మదిగా రెండు మూడు సార్లు లాగి మళ్ళీ ప్లగ్గు బిగించాలి. ఆఖరున సైలెన్సర్ నోటికి గుడ్డ కుక్కాలి. మన వైపు కందిరీగలు అలాంటి గొట్టాల్లో రెండు రోజుల్లో మట్టి గూళ్ళు కట్టేస్తాయి. మళ్ళీ తీసే రోజున ఆ గుడ్డ గుర్తుండేటట్టు దాని కొసను బయటికి వేలాడదీసి, యాక్సిలరేటర్‌కు ఒక ఎర్ర దారం కట్టి ఉంచితే మంచిది.